ఊదుకడ్డీల ఇంట్లో నా ఊపిరి

మిద్దె మెట్లెక్కి, తడిబట్టలు ఆరేసి, దిగి వచ్చి ఈ కాగితాల ముందర కూచున్నాను. మధ్యలో యాడా ఆగలేదు. ఇదీ ఒక గొప్పేనా అని మీరు నవ్వచ్చు. ఒకప్పుడు ఇవే మెట్ల మీద సగంలో కూలబడి, 'బట్టలు పైకి పోకపోతే పోనీ, నా ప్రాణం పైకి పోకుండా చూడు స్వామీ' అని మొక్కుకున్నదాన్ని. నాకిది గొప్పే.

రాయాలని ఎందుకనిపించిందంటే, మొన్న మా వీధిలో ఒక బాలింతను చూడబోయినాను. తలుపులూ కిటికీలూ మూసిన గది. నిండా సాంబ్రాణి పొగ. ఆ బాలింత దగ్గుతాంటే వాళ్ళమ్మ "జలుబు చేసినట్టుండాది, ఇంకొంచెం పొగ పట్టియ్యాల" అని నిప్పుల మీద ఇంకో చిటికెడు చల్లింది. ఒక్క మాట చెబుదామని నోరు తెరిచినాను. తెరిచిన నోట్లోకి పొగ పోయింది. కొంగు అడ్డం పెట్టుకొని బయటికొచ్చేసినాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

1977లో నా పెండ్లి. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నాయనా అన్నా గుంటలో కాళ్ళు పెట్టి నేస్తాంటే, అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్ళం. నన్నిచ్చింది ఆదోనికి. ముందర అంగడి, వెనక ఇల్లు. మామగారు అప్పటికే లేరు. అత్త శంకరమ్మ, మా ఆయన, ఇద్దరే. అంగడిలో ఊదుకడ్డీలు, సాంబ్రాణి, కర్పూరం, కుంకుమ, అత్తరు బుడ్లు. మైసూరు దిక్కు నుంచి వాసన లేని కడ్డీలు మూటలుగా వచ్చేవి. మా ఆయన వాటిని సెంటు నూనెలో ముంచి, లోపలి గదిలో ఆరబెట్టి, కట్టలు కట్టేవాడు. గాలి తగిలితే వాసన పోతుందని ఇంట్లో కిటికీలన్నీ మూసే పెట్టేవాళ్ళు. కొత్త రకం ఏది కలిపినా ముందు ఇంట్లోనే వెలిగించి, అందరం ముక్కులు ఎగబీల్చి, బాగుందనో ఘాటుగా ఉందనో తీర్పు చెప్పాల. ఇంక పొద్దున, సాయంత్రం పూజకు కడ్డీలు. మంగళవారం, శుక్రవారం గదిగదికీ సాంబ్రాణి.

నాకు భలే నచ్చింది. పుట్టింట్లో ఎప్పుడూ పులిసిన గంజి వాసన. దారానికి పెట్టే గంజి అది, మా చీరలకూ జుట్టుకూ పట్టి ఉండేది. ఇక్కడేమో మల్లె, మొగిలి, గంధం. సువాసిని అంటే ముత్తైదువ అని తెలుసు గానీ, ఇంత సువాసన ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఎమ్మిగనూరు పోతే ఆడపిల్లలు నా కొంగు పట్టుకొని వాసన చూసేవాళ్ళు. నేను ఇంకొంచెం కొంగు ఇచ్చేదాన్ని.

1978 వానల్లో మొదలైంది. ముందు గొంతులో చిన్న గరగర. తర్వాత పొడి దగ్గు. తర్వాత మెట్లెక్కితే రొమ్ము మీద ఎవరో రాతి బండ పెట్టినట్టు. పడుకుంటే లోపల సన్నగా కూతలు. పిల్లికూతలు అంటారు కదా, నా రొమ్ములో ఒక పిల్లి కాపురం పెట్టింది. నేనంటే ఎమ్మిగనూరు నుంచి వచ్చినాను, ఇది యాడ నుంచి వచ్చిందో తెలీదు. అత్తింట్లో నాకంటే బాగా కుదురుకుంది.

అత్త చెడ్డది కాదు. నా దగ్గు విని ఊరికే ఉండే మనిషీ కాదు. "జలుబు లోపలికి దిగినాది మే. పొగ పట్టిస్తే కరిగిపోతాది" అని నన్ను పీట మీద కూచోబెట్టి, నిప్పుల సట్టి ముందర పెట్టి, తల మీద దుప్పటి కప్పింది. చంటిపిల్లలకు తలంటు పోసి పొగ పట్టిస్తామా లేదా? జలుబుకు అదే మందు కదా? ఆమెను వాళ్ళమ్మ అట్లే పెంచింది. మా ఆయన్ను ఆమె అట్లే పెంచింది. నేనూ నమ్మి గట్టిగా పీల్చినాను. దగ్గు ఎక్కువైతే, "చూసినావా, కరుగుతాండాది" అని ఇంకొంచెం వేసింది. కరిగింది నేనే. ఆ చలికాలం గడిచేసరికి రవికెలన్నీ వదులైనాయి.

1979 అంతా డాక్టర్ల వసారాల్లో గడిచింది. మొదట పోయినచోట పొడుగాటి బెంచీ, దాని మీద ఆదోనిలో సగం ఊరు. ఎక్కువమంది పత్తి మిల్లుల్లో పనిచేసే ఆడోళ్ళు, నా మాదిరే దగ్గుతా. ఒకామె తలలో ఇంకా పత్తి పోగులుండాయి. నన్ను చూసి తలుపు పక్క తన చోటు వదిలి లేచింది. "ఈడ కూచో చెల్లే, ఈడ గాలాడతాది." ఆమెకూ ఆయాసమే. ఆ చోటులో కూచున్నందుకు ఇప్పటికీ ఆమె గుర్తొస్తుంది.

డాక్టరు గారు నెమ్మది మనిషి. గొట్టం వీపు మీద పెట్టి "గట్టిగా పీల్చి ఊదమ్మా" అన్నారు. ఊదుకడ్డీలమ్మే ఇంటి కోడల్ని, ఊదలేకపోయినాను.

"ఇంట్లో బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళున్నారా?"

"శివ శివా!" అనింది అత్త. "మా ఇంట్లో పొగ అనేదే లేదు సార్. కట్టెల పొయ్యి కూడా తీసేసినాము. కిరసనాయిలు స్టవ్వే."

నేనూ తలూపినాను. మా ఆయనా తలూపినాడు. ముగ్గురం అబద్ధం చెప్పలేదు. బీడీది పొగ, రైలుది పొగ, పొయ్యిది పొగ. దేవుని ముందర లేచేది ధూపం. దాన్ని పొగ అనుకోవడం మాకెవరికీ తట్టలేదు. మా ముగ్గురి ఒంటి మీది నుంచీ గంధం వాసన గది నిండా వస్తాండాది. డాక్టరు గారు కూడా "బలే వాసన" అన్నట్టు ఒకసారి పీల్చి, మందులు రాసినారు.

మందులతో నాలుగు దినాలు బాగుండటం, మళ్ళీ మొదలుకావడం. అప్పుడు ఎవరో 'టీబీ ఏమో' అన్నారు. అనగానే ఇంట్లో నా అన్నం తట్ట వేరైంది, నా చెంబు వేరైంది. అత్త నా చెంబును గోడ వారగా జరిపింది. ఎక్స్‌రే తీయించి, కళ్ళె పరీక్షకిచ్చి, ఫలితానికి ఎదురుచూసిన ఆ రోజుల్లో నేను నోరు తెరిచి నవ్వింది లేదు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఒక పొద్దున సగం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాను. మా ఆయన వచ్చి ఆ సగం తీసుకొని, అత్త చూస్తాండంగానే గటగట తాగేసినాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కూడా దగ్గే కాబట్టి దాన్నీ ఆపుకున్నాను.

టీబీ కాదని తేలింది. ఉబ్బసం అన్నారు. మన దిక్కు దమ్ము అంటారు. రెండో అర్థంలో నాకు దమ్ము లేదని అప్పటికే తేలిపోయింది.

టీబీ కాదనగానే ఇంట్లో భయం పోయి కోపం వచ్చింది. ఉబ్బసం ఎక్కడిది, ఎవరిది అనే పంచాయితీ మొదలైంది. మా అమ్మ నన్ను చూడనీకి వచ్చినప్పుడు ఇద్దరు వియ్యపురాళ్ళకూ నడవలో మాటామాటా పడింది.

"మా పిల్లకు ఈ రోగం లేదు వదినా. మీ ఊళ్ళో మిల్లులెక్కువ. పత్తి దుమ్మంతా గాల్లోనే ఉండాది" అనింది అమ్మ.

"మా ఊరి పత్తి గాల్లో ఉంటే మీ ఇంటి దారం నోట్లో ఉంటాది" అనింది అత్త. "పుట్టినప్పట్నించీ నూలు నలక తిని పెరిగినాది. ఆ నలకంతా రొమ్ములో పేరుకొని ఈడ బయటపడినాది."

"అట్లయితే మా ఇంట్లో అందరికీ రావాల కదా?"

"మా ఊళ్ళోనూ అందరికీ రాలేదు కదా?"

పత్తిదీ దారానిదీ తగువు. రెండూ ఒకటేనని ఇద్దరికీ తట్టలేదు. నేను చెబుదామంటే నాకు దమ్ము చాలలేదు. అమ్మ కోపంగా బస్సెక్కుతా నన్నూ వెంట ఎక్కించుకుంది.

ఇది 1980 మాట. ఆ బస్సులో కండక్టరు నా ఆయాసం చూసి, ముందు సీట్లో కూచున్న ఒక పెద్దమనిషిని లేపి నన్ను కిటికీ పక్క కూచోబెట్టినాడు. పెద్దమనిషి గొణుక్కుంటానే లేచినాడు. దారి పొడుగునా ఎండ గాలి మొహానికి కొడితే తల తిరుగుతుందనుకున్నాను, తిరగలేదు. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు, గంజి వాసన, నూలు నలక. అన్న మగ్గం పక్కనే చాప వేసి పడుకున్నాను. నలకంతా నా మీదనే రాలతాండాది. వారం తిరిగేసరికి పిల్లి అరుపు తగ్గింది. ఇంకొన్నాళ్ళకు పోనే పోయింది. మళ్ళీ కండెలు చుట్టినాను, నీళ్ళు మోసినాను. అన్న "నీకు రోగమూ లేదు, పాడూ లేదు. పండుకోనీకి సాకు" అన్నాడు. నవ్వినాను, దగ్గు రాలేదు. ఆ నవ్వు అట్లే ఇంకాసేపు నవ్వినాను.

ఆదోనికి తిరిగొచ్చి నాలుగు దినాలు కాలేదు, మళ్ళీ మొదలు. పోవడం, బాగుపడటం, రావడం, పడిపోవడం. రెండు మూడు సార్లు ఇట్లే అయ్యేసరికి ఇంట్లో వాళ్ళకు రోగం కాదు, ఇంకేదో కనబడింది. అత్త పక్కింటి ఖాసింబీతో గోడ మీదుగా అంటాంటే విన్నాను.

"ఎమ్మిగనూరు బస్సెక్కితే దగ్గు దిగిపోతాది. ఆదోని బస్సెక్కితే దగ్గు కూడా టికెట్టు తీసుకొని వస్తాది. ఏం రోగమమ్మా ఇది?"

"అట్ల అనద్దు శంకరమ్మా" అనింది ఖాసింబీ. "పిల్ల మొహం నీలమైతాంది చూడు. అది దొంగ దగ్గు కాదు."

"దొంగదో దొరదో. తగ్గ కోడలనుకుంటి, దగ్గే కోడలు దొరికినాది."

ఒప్పుకోవాల్సిందే, మంచి మాట. కాకపోతే నాకు తట్టి ఉంటే బాగుండేది. తట్టినా అనే ఊపిరి లేదులెండి.

మా ఆయన మధ్యలో నలిగినాడు. అమ్మను ఏమీ అనలేడు. నన్ను ఏమీ అనడు. అందుకని ఆయనకు చేతనైన పని చేసినాడు. 1981 ఎండాకాలంలో సరుకు కోసం బెంగుళూరు పోయి, తిరిగొస్తా నా కోసం ఒక పొట్లం తెచ్చినాడు. లోపల లావాటి గులాబీరంగు కొవ్వొత్తి, దూదిలో పెట్టి. ఇంకా స్నానాల గదిలో తగిలించే తెల్ల వాసన బిళ్ళలు. "ఊదుకడ్డి ఘాటు నీకు పడలేదేమో" అన్నాడు. ఆ మాత్రమన్నా ఆలోచించింది ఆయనొక్కడే. "ఇది కొత్త రకం. పొగే రాదు. కరెంటు పోయినప్పుడు వెలుతురూ అయితాది, వాసనా అయితాది. మల్లె వాసనది, నీకు మల్లెపూలంటే ఇష్టం కదా."

సాయంత్రం కరెంటు పోయింది, రోజూ పోయినట్టే. ఆయన నా మంచం పక్కనే కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోతుందని తలుపు మూసి, విసనకర్రతో మెల్లగా నాకు విసురుతా కూచున్నాడు. వాసన తియ్యగా, బరువుగా, గొంతులోకి దిగింది. నా కండ్ల నుంచి నీళ్ళు కారినాయి. ఆయన సంతోషపడినాననుకున్నాడు. మనిషి అంత ప్రేమగా విసురుతాంటే, 'ఆపయ్యా, చస్తాను' అని ఎట్ల అంటాము? కొంచెం సేపు భార్యగా ఓర్చుకున్నాను. తర్వాత మనిషిగా లేచి నడవలోకి పాకినాను. మరుసటి దినానికి ఒక పిల్లి కాదు, వీధి పిల్లులన్నీ రొమ్ములో కొట్లాడినట్టు ఉండింది. ఆయన బిళ్ళలు తీసి పారేయలేదు, దగ్గుకూ వాటికీ ఏం సంబంధం? పైగా రోగమున్న ఇల్లు మంచి వాసన రావాలని ఇంకొకటి తగిలించినాడు.

ఆ తర్వాతే ఇంట్లో ఆ మాట వచ్చింది. దూరపు చుట్టమొకామె వచ్చి, నేను వింటాండానని తెలిసి కూడా అత్తతో అనింది. "పిల్లా లేదు, జెల్లా లేదు. ఉండేదేమో దగ్గొక్కటే. ఆ పిల్లకు పుట్టిల్లే పడతాది గాన, అక్కడే ఉండనీండి. మీ వాని సంగతి మీరు చూసుకోండి." అత్త సరే అనలేదు. కాదనీ అనలేదు. ఆ రాత్రి నేను లెక్క వేసుకున్నాను. ఇక్కడుంటే ఊపిరి పోతుంది. అక్కడికి పోతే ఇల్లు పోతుంది, ఆయన పోతాడు. మళ్ళీ బస్సెక్కితే ఈసారి తిరుగు బస్సు ఉండదు. అందుకే చచ్చినా ఈడనే చస్తానని, దగ్గును దిండులో కుక్కి పడుకోవడం నేర్చుకున్నాను.

ఆ ఏడే దసరా ముందర తుగ్గలిలో మా మామగారి అన్న చనిపోయినాడు. మా ఆయనా అత్తా మట్టికి పోయి వచ్చినారు. నాకు ఆయాసమని తీసుకుపోలేదు. దాయాదుల చావు కాబట్టి మాకూ మైల. దేవుని గది తలుపు మూసేసినారు. దీపం లేదు, పూజ లేదు, ధూపం లేదు. మైల ఇంటి నుంచి పూజ సామాన్లు ఎవరూ కొనరు కాబట్టి అంగడీ మూసినారు. సెంటు నూనె ముట్టుకోలేదు, కడ్డీలు ఆరబెట్టలేదు. స్నానాల గది బిళ్ళలు కరిగిపోయినాయి, కొత్తవి తగిలించాలని ఎవరికీ గుర్తులేదు. చావింటి గాలి బయటికి పోవాలని అత్త కిటికీలు కూడా తెరిచింది.

నాకు మొదటి రెండు దినాలు తెలీలేదు. మూడోనాడు పొద్దున లేచి చూస్తే ఎండ మొహం మీద ఉంది. అంతసేపు నిద్రపోయినాను! లేచి కూచుంటే ఏదో తక్కువైనట్టుంది. చెవి పెట్టి విన్నాను. పిల్లి లేదు.

ఇంక చూడండి నా అవస్థ. ఇంట్లో అందరూ దిగులుగా కూచునుండారు. పరామర్శకు వచ్చేవాళ్ళు వస్తాండారు. నాకేమో ఆకలి! మొహం తేటబడింది. మెట్లెక్కి దిగుతాండాను. ఏడుపు మొహం పెట్టుకుందామని ఎంత చూసినా, బాగా ఊపిరాడే మనిషికి ఏడుపు మొహం పెట్టడం కష్టమని అప్పుడు తెలిసింది. పరామర్శకు వచ్చిన ఒకామె నన్ను తేరిపార చూసింది.

"ఏమమ్మా, పెద్దాయన పోయినాడని అందరూ కుములుతాంటే నీ మొగంలో కళ వచ్చినాదే?"

"మందులు పని చేస్తాండాయి పెద్దమ్మా" అన్నాను. అప్పటికి మందులు ఆపేసి చాన్నాళ్ళు.

నాకు అప్పుడూ అర్థం కాలేదు. నేనూ ఆ ఇంటి సాంబ్రాణినే కదా, బుర్రకు ఆ పేరు తగినదే. రోగం పోయిందనే అనుకున్నాను. మైల ఇంట్లోకి వచ్చి, నా పీడ తీసుకొని పోయిందని కూడా అనుకున్నాను.

మైల తీరిన దినం ఇల్లు కడిగినారు. పుణ్యాహం నీళ్ళు చల్లినారు. అన్ని దినాలు ధూపం లేని ఇల్లు కదా అని, అత్త పెద్ద నిప్పుల సట్టిలో గుప్పిళ్ళతో సాంబ్రాణి పోసి గదిగదికీ తిప్పింది. కిటికీలు మూసింది. మా ఆయన అంగడి తెరిచి కట్ట కట్టగా కడ్డీలు వెలిగించినాడు. నేను వంటింట్లో పూర్ణం కలుపుతాండాను. పొగ గడప దాటి రావడం చూసినాను. చేతిలో గరిటె ఉండంగానే గొంతు మూసుకుపోయింది. అరుద్దామంటే శబ్దం లేదు. గోడ పట్టుకుంటే గోడ కూడా నిలబడలేదు.

ఎవరు వచ్చినారో, ఏమన్నారో తర్వాత చెప్పంగా విన్నాను. అత్త పొగ సట్టి తెచ్చి నా మొహం ముందర పెట్టబోయిందంట, జబ్బుకు మందని. ఖాసింబీ గోడ దూకినంత పని చేసి వచ్చి, "అరే, పిల్లకు హవా ఆడనీయండమ్మా!" అని నన్ను చంకల కింద పట్టుకొని వీధిలోకి లాగిందంట. వీధిలో కొంచెం ఊపిరి చిక్కింది. అట్లే జట్కాలో ఆ మొదటి డాక్టరు గారి దగ్గరికే.

నరానికి సూది వేసినారు. మాట ఒకటొకటిగా బయటికొచ్చినప్పుడు నేను అన్న మొదటి మాట, "సార్, మైల దినాల్లో బాగుండింది."

"మైల దినాల్లో ఏం చేసినారు?" అని అడిగినారు డాక్టరు గారు.

"ఏమీ చెయ్యలేదు సార్" అన్నాడు మా ఆయన. "దీపం లేదు, ధూపం లేదు..."

అంతే. ఆ మాట మధ్యలోనే ఆయన ఆగిపోయినాడు. చేతులు ముక్కు దగ్గరికి తీసుకొని వాసన చూసుకున్నాడు. అత్త గోడ వైపు చూస్తాండాది.

డాక్టరు గారు గొట్టం తీసి బల్ల మీద పెట్టినారు. "నేను అడిగిందే తప్పు" అన్నారు. "బీడీ అని అడిగినాను. ఊదుకడ్డి అని అడగలేదు. మీరు లేదన్నారు, నేను నమ్మినాను. చూడండమ్మా, దేవుని ముందర వెలిగించినా అది పొగే. వాసన మంచిదా చెడ్డదా అని ముక్కుకే తెలుస్తుంది, ఊపిరితిత్తులకు తెలీదు. అందరికీ ఇట్ల కాదు. ఈ అమ్మాయికి పడదు. ఆ ఇంట్లో అది ఉంటే ఈమె ఉండలేదు."

"ధూపం లేని ఇల్లు ఇల్లా సార్?" అనింది అత్త, మెల్లగా. "మా అన్నమే అది కదా."



నేను ఎమ్మిగనూరు పోయినాను. ఈసారి ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. 1981 చలికాలం, 1982 ఎండ మొదలయ్యేదాకా అక్కడే. రొమ్ము బాగుండాది, మనసే బరువు. మా ఆయన అంగడికి సెలవున్న దినమల్లా వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చొక్కాకున్న వాసనకే నాకు దగ్గొచ్చి, ఇద్దరం అరుగు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూచున్నాము. అప్పట్నించి అల్లుడొస్తాండాడంటే మా అమ్మ కాఫీ పెట్టేముందు అన్న చొక్కా వెతికేది. అన్న లావు, ఈయన సన్నం. ఆ వదులు చొక్కాలో భుజాలు జారుతా ఆయన నా పక్కన కూచుంటే, మగ్గం గుంటలో నుంచి అన్న "బావా, నా చొక్కా నీకంటే మా చెల్లికే బాగా పడింది" అనేవాడు.

అంగడి సంగతి, ఇల్లు సంగతి అడిగితే "అమ్మ ఏమీ చెప్పలేదు" అనేవాడు. అంతకుమించి నేనూ అడగలేదు.

ఇప్పటి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రోగం పూర్తిగా పోలేదు. చలికాలంలో మందుబిళ్ళలు వేసుకుంటాను. పెండ్లిళ్ళలో తలుపు పక్కన నిలబడతాను. గుడిలో హారతికి దూరంగా ఉంటాను. గర్వమెక్కువని కొందరంటారు. ఊపిరుంటే చాలు, గర్వం పేరు భరిస్తాను. అందరికీ ఇట్లే అవుతుందని నేను అనను. మా ఆయన ఆ సెంటు నూనెలో మునిగి తేలినా ఒక్క తుమ్ము తుమ్మి ఎరగడు. కానీ ఇంట్లో ఎవరైనా, ముఖ్యంగా పసిబిడ్డ గానీ బాలింత గానీ, విడవకుండా దగ్గుతాంటే, ఇంకొంచెం పొగ వేసే ముందర ఆ పొగే ఆపి, కిటికీ తెరిచి, కొన్ని దినాలు చూడండి. వాసన కొవ్వొత్తులు, బిళ్ళలు, ఇప్పుడు కొత్తగా డబ్బాల్లో వస్తాండే పిచికారీలు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. డాక్టరు గారు పొగ ఉందా అని అడిగితే, మంచి పొగ కూడా చెప్పండి. మేము చావొచ్చి ఇల్లు మైల పడితే గానీ తెలుసుకోలేదు. మీకు అంత అవసరం రాకూడదు.

1982 ఎండల్లో ఒకనాడు అత్త ఒక్కతే ఎమ్మిగనూరు వచ్చింది. బస్సు దిగి నడిచొచ్చి అరుగు మీద కూచొని నీళ్ళడిగింది. చెమట వాసన తప్ప ఆమె దగ్గర ఇంకే వాసనా లేదు. అది గమనించడానికి నాకు కొంచెంసేపు పట్టింది. మా అమ్మ నీళ్ళ చెంబు ఇచ్చి దూరంగా నిలబడింది. అత్తే మొదలుపెట్టింది.

"మార్కెట్టు దగ్గర ఒక గది తీసుకున్నాము. సరుకంతా ఆడికి మార్చినాడు. ముంచేదీ ఆరబెట్టేదీ ఆడనే. ఇల్లు సున్నం కొట్టిచ్చినా. పెట్టెల్లో గుడ్డలన్నీ ఉతికిచ్చినా." ఆగి, "దేవునికి పూలు పెడతాండా. దీపం పెడతాండా. ఊదుకడ్డి బయట తులసమ్మకు వెలిగిస్తాండా" అనింది.

"దేవుడు ఏమీ అనలేదా అత్తా?" అన్నాను.

"ఆయన నీ మాదిరి సతాయిచ్చడు లే." చెంబు కింద పెట్టింది. మా అమ్మ లోపలికి పోయేదాకా చూసి, గొంతు తగ్గించింది. "మైలలో నేను కూడా తెల్లారేదాకా పండుకున్నా మే. ముప్పై ఏండ్లకు. ముసలిదాన్ని కాబట్టి దగ్గుతాండా అనుకున్నా ఇన్నాళ్ళూ. ఎవురికి చెప్పేది? చెప్తే నవ్వుతారు." మళ్ళీ మామూలు గొంతుతో, "రా, ఇల్లు చూద్దువు. పడకపోతే సాయంత్రం బస్సుకు నేనే ఎక్కిస్తా" అనింది.

బస్సులో అత్త నన్నే కిటికీ పక్క కూచోబెట్టింది. ఆదోనిలో వీధి మలుపు తిరిగేసరికి మా ఆయన గడప దగ్గర నిలబడి ఉండాడు. ఉతికిన చొక్కా, తడి తల. పక్క గోడ మీద ఖాసింబీ తల. అత్త నా వెనకాల.

గడప దాటినాను. సున్నం వాసన, తడి నేల వాసన. నడవలో నిలబడి ఒకసారి లోపలికి పీల్చినాను. ముగ్గురూ నా మొహమే చూస్తాండారు, ఎప్పుడు దగ్గుతానా అని. ఆ పూట ఆ ఇంట్లో ఊపిరాడనిది నాకు కాదు, వాళ్ళ ముగ్గురికీ. పడసాల దాటినాను, లోపలి గది చూసినాను, వంటింట్లోకి పోయి మళ్ళీ వచ్చినాను. ఇంకోసారి పీల్చినాను, రొమ్ము నిండా. వదిలినాను.

"ఏం మే?" అనింది అత్త. "బస్సుకు టైమైతాంది. ఎక్కియ్యాల్నా?"

"అన్నం వెయ్యి అత్తా. ఆకలైతాంది."